పరదేశమున పత్రముల క్రమము

స్వదేశమును విడిచి పరదేశమున కాపురము పెట్టబోవువానికి అక్కడి చలి, అక్కడి భాష, అక్కడి భోజనము క్రమక్రమముగా అలవాటు పడును గాని, అక్కడి ప్రభుత్వముతో నడపవలసిన వ్రాతకోతల వ్యవహారము మాత్రము అలవాటు పడువరకు ఆగదు. విమానము దిగిన మొదటి వారముననే అది ఎదుటికి వచ్చి నిలుచును. పుట్టి పెరిగిన ఊరిలో, మన తండ్రిని, తాతను ఎరిగినవారు నాలుగు వీధులలోను ఉన్నచోట, మనమెవరమో చెప్పుటకు కాగితముతో అంతగా పనిలేదు. ఉన్నను, అందు ఒక అక్షరము తప్పినను, ఒక తేదీ మారినను, పదిమంది పెద్దమనుషుల మాటతో సరిపెట్టుకొనిన సందర్భములు అనేకములు. పరదేశమున ఆ పదిమందియు లేరు. అక్కడ మన తరఫున మాటాడగలిగినది పత్రమొక్కటే. ఇది అవమానమని తలంచి క్రుంగిపోవువారు కొందరు గలరు. నేనట్లు తలంపను. ఎవరినీ ఎరుగనివానికి సైతము, సిఫారసు లేకయే, ఆ దేశమున పుట్టినవానితోపాటు న్యాయము దొరకుటకు పత్రమే ఆధారము. దానిని సరిగా సంపాదించి, సరిగా కాపాడుకొనినవాడు, భాష తడబడుచున్నను, అధికారి యెదుట నిబ్బరముగా కూర్చుండగలడు.

ఏ దేశపు పద్ధతి ఆ దేశమునదే గనుక అన్నిటిని ఒకే తాటికి కట్టి చెప్పుట వ్యర్థము. ఈ అధ్యాయమున జర్మనీని గైకొనుచున్నాను. అమెరికా సంగతులు చెప్పగల మేనమామలు, పెదనాన్నలు నేడు మన ఇండ్లలో నున్నారు. గల్ఫు సంగతులు కరీంనగరము, నిజామాబాదు, కడప జిల్లాల పల్లెలలో తెలియనివారు లేరు. జర్మనీకి చదువులకై పోవుచున్న మన పిల్లలకు మాత్రము ఇంట చెప్పువారు అరుదు. అంతేగాక, ఆ దేశమున పత్రముల నడుమ నున్న కార్యకారణ సంబంధము మిక్కిలి స్ఫుటముగా గనబడును: ఒకటి లేనిదే రెండవది పుట్టదు, రెండవది చూపనిదే మూడవదానికి దరఖాస్తు చెల్లదు. ఈ వంశక్రమమును ముందుగా గ్రహించినవానికి సగము శ్రమ తప్పును.

ఆ వంశమునకు మూలపురుషుడు నివాస నమోదు. జర్మనులు దానిని అన్‌మెల్డుంగ్ అందురు. ఇంట ప్రవేశించిన నాటినుండి 2 వారములలోపల ఆ నగరపు పౌరకార్యాలయమునకు, అనగా బ్యుర్గర్‌ఆమ్టునకు పోయి, నేనీ చిరునామాయందు నివసించుచున్నానని వ్రాయించుకొనవలెను. ఈ నియమము పరదేశీయులకు మాత్రమే విధింపబడినది గాదు, ఆ దేశ పౌరుడు ఒక ఊరినుండి మరొక ఊరికి మారినను ఇదే నియమము. అందుకు పాస్‌పోర్టుతోపాటు, ఇంటి యజమాని సంతకము చేసియిచ్చిన ధ్రువీకరణ పత్రము కావలెను. 2015 నవంబరు 1వ తేదీనుండి దేశమంతటను అమలులోనున్న చట్టము ఈ పత్రమును తప్పనిసరి గావించినది. అద్దె ఒప్పందమును చూపినంతమాత్రమున చాలదు. మన పిల్లలు చిక్కుపడునది సరిగా ఇక్కడనే. గది దొరకినదను సంతోషమున అడ్వాన్సు కట్టివేయుదురు. నెల గడచిన పిమ్మట, ఇక్కడ నమోదు కుదరదని యజమాని చల్లగా చెప్పును. కావున అద్దె ఎంతయని అడుగుటకన్న ముందుగా, నమోదుకు కావలసిన పత్రము ఇచ్చెదరా యని అడుగవలెను. ఇచ్చెదనన్న మాటను ఉత్తరముననో సందేశముననో వ్రాతపూర్వకముగా రాబట్టిన పిమ్మటనే పైకము చేతులు మారవలెను.

ఈ అవసరమును కనిపెట్టి, నివసింపని ఇంటి చిరునామాలను పైకమునకు అమ్మువారును పుట్టుకొని వచ్చిరి. అమ్మువారిలో మనవారును ఉండుట నాకు మిగుల బాధ కలిగించు విషయము. నివాసము లేనిచోట ఉన్నట్లు నమోదునకై చిరునామా నిచ్చుట చట్టవిరుద్ధము. దానికి 50,000 యూరోల వరకు జరిమానా విధింప చట్టమున అవకాశము గలదు. కొనినవాని దురవస్థ వేరు: అతనికి రావలసిన ప్రతి ప్రభుత్వ లేఖయు అతడు కన్నెత్తి చూడని ఒక తలుపుకడకు పోవుచుండును.

పెద్ద నగరములలో ఈ కార్యాలయమున సమయము దొరకుటయే కష్టము. 2 వారములలో దొరకనిచో కంగారుపడనక్కరలేదు. గడువులోపలనే సమయము కోరితినని చూపు రసీదును, తెరపై గనబడిన పేజీ ప్రతినైనను, భద్రపరచుకొనవలెను. నియమము తప్పనివాడనని చెప్పుటకు అదియే సాక్ష్యము.

నమోదు పత్రమున మతమును గూర్చిన గడి యొకటి గలదు. మన దరఖాస్తులలో ఇట్టి గడులను ఆలోచింపక నింపుట మనకు అలవాటు. జర్మనీలో ఆ గడికి ఆర్థికమైన ఫలితము గలదు. రోమన్ కేథలిక్ సంఘమునకో ప్రొటెస్టెంటు సంఘమునకో చెందినట్లు వ్రాసినవాడు ఉద్యోగమున చేరి ఆదాయపు పన్ను చెల్లించునాటినుండి, ఆ పన్నుపై బవేరియా, బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రములలో నూటికి 8 వంతున, తక్కిన రాష్ట్రములలో 9 వంతున చర్చి పన్ను చెల్లింపవలసియుండును. గుంటూరు లూథరన్ కుటుంబములనుండి, మన కేథలిక్ కుటుంబములనుండి పోవు పిల్లలు ఈ సంగతిని ముందుగా తెలిసికొని, సత్యమును విడువక, ఎరుకతో వ్రాయవలెను. తరువాత సంఘమునుండి విడివడుటకు న్యాయస్థానముననో జననమరణ నమోదు కార్యాలయముననో విడిగా ప్రకటన చేయవలసివచ్చును.

పని ముగిసిన పిమ్మట చేతికి వచ్చునది ఒకే యొక పుట. చూచుటకు అల్పముగా నుండును. బ్యాంకు ఖాతా, నివాసానుమతి, గ్రంథాలయ సభ్యత్వము మున్నగు సకల వ్యవహారములందును మొదట అడుగబడునది అదియే గనుక, కార్యాలయమును విడుచుటకు ముందే, ఆ బల్లకడనే, పేరు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, వీధి సంఖ్య అక్షరమక్షరము సరిచూచుకొనవలెను. అప్పుడు చెప్పిన తప్పు ఒక నిమిషములో దిద్దబడును. ఇల్లు చేరిన పిమ్మట కనుగొనిన తప్పునకు మరల సమయము కోరి, మరల వేచియుండవలెను.

ఆ తరువాత చేయవలసినది ఏ కార్యాలయముననో గాదు, సొంత యింటి గుమ్మమునకడ. జర్మనీలో తపాలా బంట్రోతు ఉత్తరముల పెట్టెపై వ్రాసియున్న పేరును చూచి ఉత్తరమును వేయును. పదిమంది కాపురముండు భవనమున పది పెట్టెలు వరుసగా నుండును. వానిపై ఇంటిపేర్లేగాని గది సంఖ్యలు సామాన్యముగా ఉండవు. పెట్టెపై మీ పేరు లేనిచో, చిరునామా ఎంత సరియైనదైనను, ఉత్తరము పంపినవారికే మరలిపోవును. నమోదు ముగిసిన కొన్ని వారములకు కేంద్ర పన్ను కార్యాలయము 11 అంకెల పన్ను సంఖ్యను తపాలాలో పంపును. జీవితాంతము మారని ఆ సంఖ్యను ఉద్యోగమిచ్చువారు మొదటి నెలలోనే అడుగుదురు. అది అందనిచో జీతమున అత్యధిక శ్రేణిలో పన్ను కోతపడు ప్రమాదము గలదు. ఒక చిన్న కాగితముపై స్పష్టమైన అక్షరములతో పేరు వ్రాసి, పారదర్శకమైన టేపుతో పెట్టెపైనను, తలుపు గంట ప్రక్కనను అంటించుటకు అయిదు నిమిషములు పట్టును. ఇతరుల యింట ఒక గదిలో నున్నచో యజమాని అనుమతితో వారి పేరు క్రింద మీ పేరు చేర్చవలెను.

ఏ పేరు వ్రాయవలెనన్నది తెలుగువారికి ప్రత్యేకముగా విచారింపదగిన విషయము. ఇంటిపేరు ముందును, పెట్టిన పేరు తరువాతను వ్రాయుట మన సంప్రదాయము. ఇంటిపేరును ఒక పొడి అక్షరముగా కుదించుట మన పాఠశాలలు నేర్పిన అలవాటు. అందువలన ఒకే మనిషి పదవ తరగతి మెమోలో పొడి అక్షరముతోను, డిగ్రీ పట్టాలో పూర్తి ఇంటిపేరుతోను, ఆధార్ కార్డులో వేరొక వరుసతోను గనబడును; పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలి, యావత్తును పెట్టిన పేరు గడిలోనే ముద్రించిన సందర్భములు కొల్లలు. ఇట్టి పాస్‌పోర్టుతో అమెరికా వీసా కోరినవారికి పేరంతయు ఇంటిపేరు గడిలోనికి జరిగి, పెట్టిన పేరు గడిలో తెలియదను అర్థమిచ్చు ఎఫ్‌.ఎన్‌.యు. అను మూడక్షరములు ముద్రింపబడును; ఆ మూడక్షరములు ఆపై బ్యాంకునకును, డ్రైవింగు లైసెన్సునకును ఎగబ్రాకి ఆ మనిషికి పేరై కూర్చుండును. జర్మనీకి పోవువారైనను, వేరెచ్చటికి పోవువారైనను, వీసాకు దరఖాస్తు పెట్టకమునుపే పాస్‌పోర్టున ఇంటిపేరును, పెట్టిన పేరును విడివిడిగా వ్రాయించుకొని క్రొత్త పాస్‌పోర్టు తీసికొనుట ఉత్తమము. అందుకు కాలము మించిపోయినచో, పాస్‌పోర్టున ఏ వరుసలో ఏ అక్షరములున్నవో ఆ వరుసలోనే, ఆ అక్షరములతోనే అన్ని చోట్లను వ్రాయవలెను. ఒకచోట తిప్పి వ్రాయుట, మరొకచోట కుదించుట పనికిరాదు. పట్టాలలోని పేరునకును పాస్‌పోర్టులోని పేరునకును భేదమున్నచో, ఇరువురును ఒక్కరేయని తెలుపు ప్రమాణపత్రమును నోటరీ ముద్రతో బయలుదేరకముందే సిద్ధము చేసికొనవలెను. అది హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక పూటలో తీరు పని, బెర్లినులో కూర్చుండి చేయించుటకు వారములు పట్టు పని.

ఇక నివాసానుమతి. పాస్‌పోర్టున అంటించిన ప్రవేశ వీసాకు గడువు పరిమితమే గనుక, ఆ గడువు ముగియకమునుపే పరదేశీయుల కార్యాలయమున నివాసానుమతికి దరఖాస్తు చేయవలెను. ఈ వాక్యమున ప్రధానమైనది ముగియకమునుపే యను మాట. 2005 జనవరి 1వ తేదీనుండి అమలులోనున్న జర్మన్ నివాస చట్టమునందు 81వ విభాగమున ఒక గొప్ప రక్షణ గలదు: పాత అనుమతి చెల్లుచుండగనే క్రొత్తదానికి దరఖాస్తు చేసికొనినవాని పాత అనుమతి, కార్యాలయము తన నిర్ణయమును వెలువరించునంతవరకు, దాని సకల హక్కులతో కొనసాగును. నిర్ణయమునకు ఆరు మాసములు పట్టినను అతడు న్యాయముగానే ఆ దేశమున నున్నవాడు. గడువు దాటిన మరునాడు దరఖాస్తు చేసినవానికి ఈ రక్షణ తనంతట తాను లభింపదు. అధికారి దయతలచి ఇచ్చినగాని రాదు. ఒక్క దినపు తేడా ఇంతటి భేదమును కలిగించునని తెలిసినవారు, సమయము దొరకలేదని ఊరకుండక, అంతర్జాలమునగాని తపాలాలోగాని దరఖాస్తును పంపి, అది చేరినట్లు తెలుపు ఆధారమును ప్రాణముతో సమానముగా దాచుకొందురు.

అట్లు వేచియుండు కాలమునకు ఆ కార్యాలయము ఫిక్ట్సియోన్స్‌బెషైనిగుంగ్ అను మడతపత్రము నొకదానిని ఇచ్చును. దానిని పుచ్చుకొనినంతనే సంచిలో వేసికొనక, లోపలి పుట తెరచి చూడవలెను. అందు మూడు గడులుండును, ఒకదానియందు మాత్రమే గుర్తు పెట్టబడును. 81వ విభాగపు 4వ ఉపవిభాగమునకెదురుగా గుర్తున్నచో పాత అనుమతి కొనసాగుచున్నదని అర్థము. అట్టివాడు తల్లిదండ్రులను చూచుటకు స్వదేశమునకు వచ్చి మరల పోగలడు. 3వ ఉపవిభాగమునకెదురుగా గుర్తున్నచో, ఆ పత్రముతో దేశము వెడలినవానికి తిరుగు ప్రవేశము లేదు. పండుగకు టిక్కెట్టు కొనుటకు ముందు చూడవలసినది ఈ చిన్న గుర్తు. ఇట్టి సంగతిని స్నేహితుని అనుభవముపై ఆధారపడి నిశ్చయించుకొనరాదు. స్నేహితుని పత్రమున గుర్తు వేరొక గడిలో నుండవచ్చును.

నివాసానుమతికి జోడింపవలసిన వానిని గూర్చి సంగ్రహముగా చెప్పెదను. విద్యార్థికి విశ్వవిద్యాలయ ప్రవేశ పత్రము, ఆరోగ్య బీమా పత్రము, పోషణకు చాలిన ధనమున్నట్లు ఋజువు కావలెను. ఆ ధనమును నెలనెలకు నిర్ణీతమైన మొత్తము మాత్రమే తీసికొనవీలగు ఖాతాయందు నిలుపుదురు. 2024 సెప్టెంబరునుండి ఆ మొత్తము నెలకు 992 యూరోలు, సంవత్సరమునకు 11,904 యూరోలు. ఈ అంకె కాలానుగుణముగా పెరుగుచుండును గనుక దరఖాస్తు చేయునాటి అంకెను చూచుకొనవలెను.

ప్రభుత్వ లేఖను చదువుటయు ఒక విద్య. జర్మన్ భాష రానివాడు నాలుగు పుటల లేఖను చూచి బెదరి, తెలిసినవారు చెప్పువరకు ప్రక్కన బెట్టును; ఆ ప్రక్కన బెట్టుటయే సకల అనర్థములకు మూలము. మొదటి చూపులో నాలుగు విషయములను కనుగొనిన చాలును. లేఖ వ్రాసిన తేదీ యేది, ఆక్టెన్‌త్సైషెన్ అను ఫైలు సంఖ్య యేది, మనము చేయవలసిన పనికి గడువు ఏ తేదీ, చివర ఈ నిర్ణయముపై అభ్యంతరము తెలుపుటకు ఎంత కాలమిచ్చిరి. మొదటి మూడింటిని చదువుటకు భాషాపాండిత్యముతో పనిలేదు, అంకెలు చదువగలిగిన చాలును. నాల్గవది కడపటి పుటలో చిన్న పేరాగా నుండును. సామాన్యముగా ఆ గడువు ఒక మాసము. ఆ పేరాయే లేనిచోట చట్టము ఒక సంవత్సరము గడువిచ్చుచున్నది. సాధారణ తపాలాలో పంపిన నిర్ణయము, 2025 జనవరి 1వ తేదీనుండి, తపాలాలో వేసిన 4వ దినమున చేరినట్లు లెక్కింపబడుచున్నది. అంతకుముందు అది 3వ దినము.

పసుపు వన్నె కవరులో వచ్చిన లేఖను మాత్రము వేరుగా జూడవలెను. తపాలా బంట్రోతు దానిని పెట్టెలో వేసిన తేదీని ఆ కవరుపైననే స్వహస్తముతో వ్రాసిపోవును. ఆనాటినుండియే గడువు లెక్క ఆరంభమగును. మీరు ఊరలేరన్నను, కవరు విప్పలేదన్నను ఆ లెక్క ఆగదు. మనవారు లోపలి కాగితమును తీసికొని కవరును చెత్తలో పారవేయుదురు. గడువు తేదీకి సాక్ష్యము ఆ కవరే గనుక, దానిని లేఖతో జతచేసి గ్రుచ్చి ఉంచవలెను.

ప్రసార రుసుమును గూర్చిన లేఖ ప్రతివానికిని వచ్చును. టెలివిజను లేదని, రేడియో విననని కొందరు దానిని త్రోసివేయుదురు. అది యంత్రమునకు విధించిన రుసుము గాదు, ఇంటికి విధించినది. 2021 నుండి నెలకు 18.36 యూరోలు. ఒక యింట నలుగురున్నను ఒకరు చెల్లించిన చాలును. తక్కిన మువ్వురును ఆ చెల్లించువాని సంఖ్యను తెలుపుచు జవాబు వ్రాయవలెను. జవాబు వ్రాయనివానిపై బాకీ పెరుగును. చెల్లింపనక్కరలేనివాడు సైతము వ్రాయకుండుటవలన బాకీదారగును.

స్వదేశపు పత్రములలో జనన ధ్రువపత్రము, వివాహ ధ్రువపత్రము ముఖ్యములు. పాత తరమువారికి పుట్టిన తేదీకి ఋజువు పదవ తరగతి మెమోయే. పరదేశమున వివాహమునకును, బిడ్డ పుట్టుక నమోదునకును పురపాలక సంఘముగాని పంచాయతీగాని ఇచ్చిన జనన పత్రమునే అడుగుదురు. మన దేశము 2005 నుండి అపోస్టిల్ ఒప్పందమున నున్నది గాని, మన చేరికకు జర్మనీ అభ్యంతరము తెలిపినందున, ఆ ముద్ర అక్కడ చాలదు. అవసరమైనప్పుడు వారి రాయబార కార్యాలయము ద్వారా విచారణ జరుగును, దానికి మాసములు పట్టును. అనువాదమును సొంతముగా చేసికొనుట చెల్లదు, న్యాయస్థానమున ప్రమాణము చేసిన అనువాదకుని ముద్ర కావలెను. అసలు పత్రమును ఏ కార్యాలయమునను వదలిరారాదు. చూపవలెను, నకలు ఇయ్యవలెను, అసలును వెంట తెచ్చుకొనవలెను.

వీనినన్నిటిని తామే చేసిపెట్టెదమని పైకము పుచ్చుకొను దళారులు గలరు. దరఖాస్తుపై సంతకము మీదై, అందలి మాట వారిదైనపుడు, ఆ మాటలో అసత్యమున్నచో జవాబుదారి మీరే. జర్మనీలో కార్యాలయ భాష జర్మన్ అగుటచేత అధికారి ఇంగ్లీషున మాటాడవలెనను నియమము లేదు; కావున భాష తెలిసినవారిని తోడు తీసికొనిపోవుటయందు చిన్నతనమేమియు లేదు. కాని ఏ కాగితము ఎందుకు ఇచ్చుచున్నామో, అది లేనిదే ఏది రాదో, దరఖాస్తుదారునకే తెలిసియుండవలెను. ఇల్లు మారినప్పుడెల్ల 2 వారములలోపల మరల నమోదు, దేశము విడుచునపుడు, వెడలుటకు ఒక వారము ముందునుండి వెడలిన 2 వారములలోపల, నమోదు రద్దు: ఈ రెంటిని మరచినవారికి పాత చిరునామాకు లేఖలు, పాత యింటిపై రుసుములు వచ్చుచునే యుండును.

ఈ పుటలను చదువుచున్నవారిలో ఆ దేశమున ఇదివరకే కుదురుకొనినవారు ఉందురు. వారికి నాదొక విన్నపము. మీ నగరమునకు ఈ అక్టోబరులో మన పిల్లలు మరల వచ్చెదరు. చిరునామా అమ్మజూపువారికడకు వారు పోకముందే వారిని పిలిచి, మొదటి నమోదునకు ఒక పూట సెలవు పెట్టి వెంట పోండు. అధికారితో మాట మాత్రము వారినే ఆడనీయుడు. వారికి వచ్చిన మొదటి ప్రభుత్వ లేఖను మీ బల్లపై పరచి, తేదీ ఎక్కడ, ఫైలు సంఖ్య ఎక్కడ, గడువు ఎక్కడ నున్నదో వారి వ్రేలితోనే చూపింపుడు.